పచ్చపిచ్చుక నాది

సరళ ఫోటో నా ఫోనులో కనబడ్డప్పుడు నేను అన్నం తింటున్నాను. ఆ తర్వాత ముద్ద దిగలేదు. ఆర్మూర్‌లో పిట్టలనూ చెట్లనూ చూస్తూ తిరిగే సంఘం ఒకటుందని, దాన్ని నడిపేది నా చిన్ననాటి స్నేహితురాలు సరళేనని నాకు తెలియని సంగతి కాదు. పెళ్ళిళ్ళకు పోయినప్పుడల్లా చుట్టాలెవరో ఒకరు ఆ ముచ్చట తీసి నా మొహంలోకి చూస్తూనే ఉంటారు. కాని ఈ ఫోటోలో సరళ చుట్టూ పిల్లలు, పెద్దలు గుంపుగా నిలబడి ఉన్నారు. అందరి ఒంటి మీదా తెల్లటి టీషర్టు, దాని మీద పసుపురంగు పిచ్చుక బొమ్మ. కింద ఇలా రాసి ఉంది: "ఆదివారం పొద్దున్నే సిద్ధుల గుట్ట కింద కలుద్దాం. సరళక్క తన పచ్చపిచ్చుక కథ చెబుతారు." ఆ 'తన' అన్న మాట దగ్గర నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ పిచ్చుకను చూసింది నేను. దాని వల్ల వాడంతటి ముందు నవ్వులపాలైంది నేను. ఇన్ని పుస్తకాలు రాసి కూడా సిగ్గుకొద్దీ ఒక్కచోటా దాని ఊసెత్తలేదు. నేను కడుపులో దాచుకున్నదాన్ని ఆవిడ తీసుకుపోయి బట్టల మీద అచ్చేయించింది.

దాపరికం ఎందుకు, సరళంటే నాకు మొదటి నుంచీ కుళ్ళు. దానికి పోటీ అనో, పంతం అనో మెత్తటి పేర్లు పెట్టే వయసు నాకు దాటిపోయింది. వాళ్ళ నాన్న దుబాయిలో ఉండేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ ఇంటి నుంచి వాసన సబ్బుల ఘుమఘుమ మా వాకిలి దాకా వచ్చేది. మెరిసే గౌను బట్టలు, పాటలు పాడే టేపు రికార్డరు, మూత తిప్పితే అద్దం కనబడే డబ్బా. వాడలో ఆడపిల్లలంతా వాటిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళు. నాకవేవీ పట్టేవి కావు. ఆ సబ్బు ఒకటి సరళే నాకు తెచ్చిస్తే, తీసుకుని మా గేదె దూడకు రుద్దాను. నా కుళ్ళంతా సరళ చెవుల మీద.

ఆ చెవుల సంగతి చెప్పాలంటే ముందు మా ఇల్లు చెప్పాలి. మా ఇంట్లో పొద్దు తునికాకు వాసనతో మొదలయ్యేది. అమ్మ తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టిన ఆకును తెల్లవారకముందే విప్పేది. తడి ఆకు వాసన, దాని వెనకే తంబాకు ఘాటు. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలకు ఆకు కత్తిరిస్తుంటే, ఆ కత్తెర చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. మేం నాన్నను బాపు అనీ, ఆయన తల్లిని బాపమ్మ అనీ పిలిచేవాళ్ళం. ఆమె అరుగు మీద కూర్చుని, చుట్టిన బీడీల్లో ఒకటి వంకరగా ఉందని వంకపెట్టి, లాగి ముట్టించుకునేది. అమ్మది అంత మంచి చేతిపని. అయినా రోజూ ఒక బీడీ ఎందుకు వంకరపోయేదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మా బాపుది పసుపు పాలిష్ పని. తవ్వి, ఉడకబెట్టి, బండల మీద ఎండబోసిన పసుపు కొమ్ములు మట్టిపొట్టుతో గరుకుగా ఉంటాయి. వాటిని చిల్లుల డ్రమ్ములో పోసి చెరో పక్క పిడి పట్టుకుని తిప్పితే, ఒకదాన్నొకటి రాసుకుని పొట్టు రాలి మెరుస్తాయి. ఎండాకాలమంతా బాపు ఆ డ్రమ్మును బండికెక్కించుకుని కల్లం కల్లానికీ తిరిగేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు పచ్చ, చెవుల మడతలు పచ్చ, తువ్వాల పచ్చ. ఆయన స్నానం చేసిన నీళ్ళు కాలువలో పచ్చగా పోయేవి. "దినాం పెండ్లికొడుకే మా ఇంటాయన" అని అమ్మ నవ్వేది. ఆ ఉడికిన పసుపు వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ముందు ఆకలి వేస్తుంది, తర్వాత బాపు గుర్తొస్తాడు.

మా బడిలో జీవరత్నం సార్ అని డ్రిల్లు సార్ ఉండేవాడు. పొడుగ్గా, నల్లగా, తెల్ల గుడ్డ బూట్లతో, మెడలో ఈలతో. ఆదివారం చర్చికి పోయేముందు మమ్మల్ని వెంటేసుకుని గుట్ట చుట్టూ, చెరువు గట్టు మీదా తిప్పేవాడు. ఆ రోజు ఈల జేబులోకి పోయేది. దానికి ఆయన పిట్టల మండలి అని పేరు పెట్టాడు. మండలిలో చేరాలంటే మగపిల్లలు రాళ్ళు కొట్టే తమ గులేరు తెచ్చి సార్ చేతిలో పెట్టాలి, ఇక పిట్టల మీద రాయి విసరనని చెప్పాలి. ఆడపిల్లలకు గులేరు ఉండదు కదా, మేం ఏదో ఒక చెట్టుకు ఎండాకాలం నీళ్ళు పోస్తామని చెబితే చాలు. వాడలో ఒకాయన ఇంటి ముందు పెద్ద చింతచెట్టు మీద కొంగలు గూళ్ళు పెట్టేవి. ఆ ఇంటాయన చెట్టు కొట్టేస్తానని గొడ్డలి తీస్తే సార్ మమ్మల్నందరినీ తీసుకుని వాళ్ళ వాకిట్లో నిలబడ్డాడు.

"చెట్టు కింద మంచం ఎయ్యరాకుంట అయింది సారూ, మీదనే రెట్టలేస్తున్నయి" అని ఆయన మొత్తుకున్నాడు.

"మంచం జరుపుకో తమ్మీ. గూడు జరగది గద" అన్నాడు సార్. ఇంటాయన కాసేపు గొణిగి, మంచం జరుపుకున్నాడు. నాకు ఆ రోజు సార్ అంటే దేవుడే.

అటువంటి సార్ దగ్గర ఒక పాత దుర్భిణి ఉండేది. నల్లరంగు పోయి అంచుల్లో ఇత్తడి బయటపడ్డది, తోలు పట్టీ చెమటకు నునుపెక్కింది. నడకలో ఏ పిట్టనైనా ఎవరు ముందు గుర్తుపడితే ఆ రోజంతా దుర్భిణి వాళ్ళ మెడలో. ఎప్పుడూ సరళ మెడలోనే. నేను కళ్ళు చించుకుని కొమ్మలన్నీ వెతుకుతుంటే, సరళ దారి మధ్యలో నిలబడి కళ్ళు మూసుకునేది. "చెరువవతల తీతువు సార్" అనేది. "గా తుమ్మ పొదల జెముడుకాకి." "గది కౌజు, దాని ఎన్క పిల్లలు కూడ ఉన్నయి." పోయి చూస్తే ఉండేవి. నేను ఇంటికొచ్చి నా చెవుల్లో కొబ్బరినూనె పోసుకుని పడుకునేదాన్ని. బాపమ్మ చూసి, "నూనె పోస్తే చెవులస్తయే పిస్సపోరి? గా సరళను చూడు, ఎంత నిమ్మళంగ ఉంటది" అని దెప్పేది. మా ఇంటి అరుగు మీద కూర్చుని, మా అమ్మ బీడీ తాగుతూ, సరళను పొగుడుతుంది. అది నాకు కారం పెట్టినట్టు ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం బాపుకు సద్ది తీసుకుని కల్లానికి పోయాను. డ్రమ్ము ఆపి బాపు, ఆయన జతగాడు గుడిసె నీడన కాళ్ళు చాపుకున్నారు. డ్రమ్ము కింద రాలిన పొట్టు, దుమ్ము మెత్తగా పరుచుకుని ఉంది. అందులో ఏవో కదిలాయి. పిట్టలు. రెక్కల నుంచి తోక దాకా పచ్చటి పిట్టలు, పసుపుకొమ్ముకు ప్రాణం పోసినట్టు. నేను సద్దిగిన్నె నెత్తి మీదే పెట్టుకుని, కాళ్ళు కాలుతున్నా కదలకుండా నిలబడ్డాను. అవి ఒక్కసారిగా లేచి తాటాకుల మీద నుంచి ఎగిరిపోయాయి. బాపుకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మర్నాడు సార్ దగ్గరికి పరుగెత్తాను.

"సార్, నేనొక కొత్త పిట్టను చూసిన. పచ్చగున్నది."

"పచ్చ అంటే? ఆకుపచ్చనా, పసుపుపచ్చనా?"

"పసుపే సార్. ఒళ్ళంత."

"మరి గిజిగాడు గావచ్చు."

"గాదు సార్. గిజిగానికి రెక్కలు గట్ల ఉండయి గద. దీనికి తోక కూడ పచ్చనే. ముక్కు పొట్టిగ, పిచ్చుక లెక్క."

సార్ తల గోక్కున్నాడు. ఆయన దగ్గరున్న పిట్టల పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. "గిసొంటిది గీ పుస్తకంల లేదు బిడ్డా" అన్నాడు. ఆయన గొంతులో నా పట్ల కొత్త మర్యాద వినబడింది. పక్కనే ఉన్న సరళ మొహంలోకి చూశాను. ఆమెకు తెలియని పిట్ట ఒకటి నాకు తెలిసింది. "ఎట్ల కూస్తదే?" అని అడిగింది సరళ. కూత నేను వినలేదు. చూడటంలోనే మునిగిపోయాను. "అది కూయది" అన్నాను, ఎత్తిన గడ్డం దించకుండా. ఆ వారమంతా నాకు నేల ఆనలేదు. ఆదివారం సార్ ఆ దుర్భిణి తీసి నా మెడలో వేశాడు. నేననుకున్నదానికంటే బరువుగా ఉంది. నడుస్తుంటే గుండెకు తగులుతూ ఊగింది.

మండలి అంతా కల్లానికి బయలుదేరింది. సంగతి ఎట్లా పాకిందో వాడలో వాళ్ళు కూడా కొందరు వచ్చారు. కట్టె పొడుచుకుంటూ బాపమ్మ కూడా వచ్చింది. డ్రమ్ము ఆపించి అందరం గడ్డివాము వెనక నక్కాం. కాసేపటికి పిట్టలు దిగాయి. నిజంగానే పచ్చగా ఉన్నాయి. సార్ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు, నా భుజం మీద ఆయన చెయ్యి బిగుసుకుంది. నా బతుకులో అంతటి గొప్ప క్షణం మళ్ళీ రాలేదు, పుస్తకాలకు శాలువాలు కప్పినప్పుడు కూడా. అప్పుడు అవి కిచకిచమన్నాయి. పక్కన సరళ కళ్ళు మూసుకుంది.

"సార్, గివి ఊరపిచ్చుకలు సార్" అంది మెల్లగా.

ఆమె మాట పూర్తయ్యీ కాకముందే ఒక పిట్ట ఎగిరి ఎడ్ల నీళ్ళతొట్టి అంచు మీద వాలింది. లోపలికి దిగింది. రెక్కలు కొట్టుకుంటూ హాయిగా స్నానం చేసింది. నీళ్ళు పచ్చబడ్డాయి. అంచు మీదికెక్కి ఒళ్ళు దులుపుకునేసరికి, మా ఇంటి చూరులో గూడు పెట్టే మామూలు ఊరపిచ్చుక అది, గోధుమరంగుది. పసుపు దుమ్ములో పొర్లి, రంగు అంటించుకుని తిరుగుతున్నాయన్నమాట. అందరికంటే ముందు నవ్వింది మా బాపమ్మే. "ఓరి నీ! పిచ్చుకలకు నలుగు వెడ్తున్నరా ఈడ! పెండ్లెప్పుడే పద్మా?" ఇక నవ్వులే నవ్వులు. బాపు కూడా పచ్చటి మీసాల వెనక నవ్వాడు. సార్ నవ్వలేదు. నా మెడలోంచి దుర్భిణిని నెమ్మదిగా, పట్టీ జుట్టులో చిక్కుకోకుండా తీసి, సరళ మెడలో వేశాడు. అంత జాగ్రత్తగా తీయకుండా లాక్కుని ఉంటే నాకు తక్కువ నొప్పి కలిగేది. పసుపు బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను. సరళ వచ్చి పక్కన కూర్చుంది. వెక్కుతూ ఆమెతో ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

ఆ తర్వాత మండలికి పోలేదు. ఆదివారాలు కథల పుస్తకాలు పట్టుకుని ఇంట్లోనే కూర్చున్నాను. అట్లా రచయిత్రినయ్యాను. ఈ మాట సభల్లో ఎప్పుడూ చెప్పలేదు.

మొన్నటి ఆదివారం నిజామాబాద్ నుంచి మొదటి బస్సు పట్టుకుని పోయాను. నలుగురిలో నిలదీద్దామనే పోయాను. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. గుట్ట నల్లబండలు అట్లాగే ఉన్నాయి, వాటి కింద ఇళ్ళు మాత్రం పెరిగాయి. చింతచెట్టు ఉన్నచోట మొబైళ్ళ దుకాణం ఉంది. పాలిష్ డ్రమ్ములు ఇప్పుడు ట్రాక్టరుకు తగిలించినవి, ఇంటి గదంత ఉన్నాయి. అప్పుడు మా వాడంతా పసుపు దుమ్ములో ఉండేది, పిచ్చుకలూ మనుషులూ ఒకే రంగులో తిరిగేవాళ్ళం. ఇప్పుడు పిచ్చుకను చూడటానికి పిల్లలు టీషర్టు వేసుకుని రావాలి. సరళ జుట్టు ముగ్గుబుట్టయింది. జక్రాన్‌పల్లిలో టీచరు పని చేసి దిగిపోయింది. మెడలో అదే దుర్భిణి. చనిపోయేముందు సార్ ఆమెకే ఇచ్చాడట. నన్ను చూసి ఉరికొచ్చి కావిలించుకుంది. ఆ దుర్భిణి మా ఇద్దరి మధ్యా ఒత్తుకుంది.

తర్వాత బండ మీద కూర్చుని కథ చెప్పింది. "చిన్నప్పుడు నా అంత పిస్సపోరి ఆర్మూర్ల లేకుండె" అని మొదలుపెట్టింది. సద్ది తీసుకుపోయింది తనేనట. ఎండలో నిలబడింది తనేనట. నవ్వులపాలైంది కూడా తనేనట. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఎవరూ ఎగతాళిగా నవ్వడం లేదు, ఆమెను ముద్దు చేస్తున్నట్టు నవ్వుతున్నారు. కథ అయ్యాక మట్టి మూకుళ్ళు పంచింది. ప్రతి కల్లం దగ్గరా నీళ్ళు పోసి పెట్టాలట, పిచ్చుకలు తాగడానికీ, మునగడానికీ. చుట్టుపక్కల ఊళ్ళలో, భీమ్‌గల్ దాకా, రైతులు డ్రమ్ము దింపగానే పక్కన మూకుడు పెడుతున్నారట. నా ఏడుపు ఇంత పనికొచ్చింది, నాకు తెలియకుండా. కోపం పట్టలేకపోయాను. సరళను పక్కకు పిలిచాను.

"నీ చెవులు నీకున్నయి, సార్ నీకున్నడు, దుర్భిణి నీకే వచ్చింది. నా పిచ్చుకనన్న నాకు ఉంచకపోతివి" అన్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నా నోట మా ఊరి మాట దానంతటదే వచ్చింది.

సరళ నా వైపు వింతగా చూసింది. "అదేందే, నువ్వే గద ఒట్టు వెట్టించుకున్నవ్? బస్తాల ఎన్క కూసోని, నా చెయ్యి గుంజి నీ నెత్తి మీద వెట్టుకున్నవ్. గా పచ్చపిచ్చుకను చూసింది నువ్వని సచ్చేదాంక ఎవ్వలకు చెప్పద్దన్నవ్. చెప్తె నీ తల పగులుతదన్నవ్. పిల్లలకు కథ చెప్పాలె, నీ పేరు తియ్యరాదు. ఏం జెయ్యాలె మరి? నా మీదేసుకున్న."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వింది కూడా. "నీ తల పగులుతదని భయం గాదే. పగిలితె గిన్ని పుస్తకాలు ఎట్ల రాస్తవ్ అని" అంది. అంతటితో ఆగలేదు. "జర ఒట్టు తీసి గట్టు మీద వెట్టు. గిప్పుడే అందరికి చెప్త."

చిన్నప్పుడు ఒట్లన్నీ మేం అట్లాగే విప్పుకునేవాళ్ళం. ఇంత ముసలితనంలో, చీరకొంగు సర్దుకుని, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన" అన్నాను. చెవులు చాలవన్నట్టు మనసు కూడా ఆమెకే పెద్దది ఇచ్చాడు దేవుడు. దాని మీద కూడా కుళ్ళుకోక తప్పలేదు నాకు.

సరళ పిల్లల్ని పిలిచి పచ్చపిచ్చుకను అసలు చూసింది నేనేనని చెప్పింది. చప్పట్లు కొట్టారు, కథ చెప్పమన్నారు. నేను చెప్పాను. కథలు రాసి బతికినదాన్ని. కల్లం చెప్పాను, దుమ్ము చెప్పాను, నా దుఃఖం చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు. ఒకరు చెప్పుతో మట్టి గీకారు. అయిపోయాక రెండు జడల పిల్ల ఒకతె సరళ కొంగు పట్టుకుని, "నువ్వు చెప్పు అక్కా మళ్ళ. నువ్వు చెప్తెనే మస్తుంటది" అంది. నా మొహం మాడిపోయింది. సరళ నా వైపు చూసి, నేను వద్దనకపోయేసరికి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నా పేరుతో.

"మేమందరం దినాం గా డ్రమ్ము ముంగట్నుంచే బడికి పోయెటోళ్ళం. ఒక్కళ్ళం ఆగలే. ఆగుడు ఎరుకనే లేదు మాకు. పద్మ ఒక్కతే ఆగింది. నెత్తి మీద సద్దిగిన్నె, కాళ్ళకు చెప్పులు లెవ్వు, కింద కాలుతున్నది. రెప్ప కొడితె పిట్ట యాడ పోతదో అని రెప్ప కూడ కొట్టలే. నాకైతే చెవులే ఉండె. గా పొద్దు పద్మకున్న కండ్లు నాకుంటే మంచిగుండునని ఎన్నిసార్లు అనుకున్ననో. మస్తు కుళ్ళుకున్న దాని మీద."

పిల్లలందరూ నా కళ్ళ వైపు తిరిగారు. గుట్ట మీద ఏదో పిట్ట కూసింది. సరళ కళ్ళు మూసుకుంది, పిల్లలూ మూసుకున్నారు. పొద్దుటి నుంచీ ఆ గుట్ట కింద ఎన్ని పిట్టలు వాలాయో, ఎన్ని లేచాయో, నేను ఒక్కదాన్నీ చూడలేదు. సరళనే చూస్తున్నాను. బస్సు దిగినప్పటి నుంచి కాదు, పిచ్చుక మునిగిన ఆ తొట్టి దగ్గర నుంచి సరళనే చూస్తున్నాను. ఎండలో చెప్పుల్లేకుండా నిలబడి, సరళ ఒకతె ఉందన్న సంగతే మరిచిపోయి, పిచ్చుకలను చూసిన ఆ పద్మ మీద ఇప్పుడు పుట్టినంత కుళ్ళు నాకు సరళ మీద కూడా ఎన్నడూ పుట్టలేదు.